ఓబుళమ్మ ఆంటీ టీవీ బడి

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా ఇంటికి దగ్గర్లో కొత్తగా ఒక హోటల్ తెరిచారు. పాతకాలం ముచ్చట కోసమని లోపల ఒక చెక్కపెట్టె టీవీ పెట్టారు, ముందువైపు పక్కకి జరిపే చెక్క తలుపులతో సహా. మొన్న ఆదివారం దోసె వచ్చేలోగా చెయ్యి ఊరుకోక ఆ తలుపు జరిపాను. గరగరమంటూ తెరుచుకుంది. వార్నిష్, దుమ్ము కలిసిన వాసన గుప్పున వచ్చింది. "మమ్మీ, ఇస్‌మే క్యా ఆతా థా?" అంటూ, ఇందులో ఏం వచ్చేదని నా కూతురు అడుగుతూనే ఉంది. నేను మాత్రం ఢిల్లీ కంటోన్మెంటులో, ఓబుళమ్మ ఆంటీ ముందుగదిలో, చల్లటి సిమెంటు నేల మీద చతికిలబడి ఉన్నాను.

ఆంటీది కడప వైపు. వాళ్ళాయన సైన్యంలో సుబేదారు, మా నాన్న అంతకంటే కింది హోదాలో నాయక్. హోదాలు ఉండేది మగవాళ్ళ యూనిఫారం మీదే అయినా, యూనిట్‌లో ఏ వేడుక జరిగినా ఆడవాళ్ళ కుర్చీలు కూడా వాటి ప్రకారమే పడేవి. మా అమ్మ అప్పుడే శ్రీకాకుళం నుంచి వచ్చింది. హిందీ ఒక్క ముక్క రాదు. పాలవాడు ఏదైనా అడిగితే తలుపు వేసేసుకునేది. నాన్న ఎన్నాళ్ళో ఎదురుచూస్తే దొరికిన ఫ్యామిలీ క్వార్టరు అది. అయినా ఒకరోజు అమ్మ తేల్చి చెప్పేసింది. "నాను ఈ ఊర్లో మూగదాన్నైపోనాను. పిల్లని తీసుకుని ఎల్లిపోతాను." వచ్చే సెలవులో దింపేస్తానని నాన్న తల ఊపాడు. నాన్న మాతో ఉండగలిగేది ఆ పోస్టింగులోనేనని, తర్వాత సరిహద్దుకు వెళ్ళాలని నాకు తెలుసు.

మా వైపు మొదటి టీవీ ఆంటీ వాళ్ళదే. నా పోరు పడలేక అమ్మ ఒక సాయంత్రం నన్ను తీసుకెళ్ళి, తను గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఏమ్మే, ఆడనే నిలబడినావు? కాళ్ళు నొయ్యవా? రా, ఈడ కూచో," అని ఆంటీ తన పక్క కుర్చీ చూపించింది.

"ఒద్దండి, మా ఆయన నాయక్ అండి," అని అమ్మ గొణిగింది.

"మీ ఆయన్ని కూచోమన్లేదు గదా, నిన్ను కూచోమన్నా."

అమ్మ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఆంటీ తీరే అంత. టీవీతో పాటు కంపెనీవాళ్ళు ఇచ్చిన రంగుల కాగితం ఒకటి గోడకు అంటించి ఉండేది. అందులో సూటు వేసుకున్న భర్త, పట్టుచీర కట్టుకున్న భార్య, ఇద్దరు పిల్లలు టీవీ ముందు పళ్ళన్నీ కనపడేలా నవ్వుతుంటారు. టీవీ తెర మాత్రం ఖాళీ. "టీవీ ఆపి పెట్టుకోని దేన్ని జూసి నవ్వుతాండారో వీళ్ళు," అనేది ఆంటీ.

అమ్మ వెళ్ళిపోతానంటోందని తెలిశాక ఆంటీ హిందీ నేర్చుకోడానికి ఒక ఉపాయం చెప్పింది. "వార్తలు నాకే అర్థం గావు. నువ్వు అడ్వర్టైజ్‌మెంట్లు జూడు. సబ్బు జూపిచ్చి సబ్బంటాడు. రేపొచ్చి మళ్ళా అదే మాట, అదే నవ్వు. ఇంత ఓపిగ్గా పాఠం జెప్పే అయివారు యాడ దొరుకుతాడు?"

అందరిళ్ళలో అడ్వర్టైజ్‌మెంట్లు రాగానే మంచినీళ్ళకు లేచేవారు. ఆంటీ ఇంట్లో మాత్రం అప్పుడే అందరూ నోరు మూసుకోవాలి. ఒక్కొక్కటి అయిపోగానే అమ్మ దాన్ని అప్పజెప్పాలి. తప్పు పోతే పిల్లలం కిసుక్కుమనేవాళ్ళం. ఆంటీ మాకేసి ఒక్క చూపు చూసేది. అమ్మను మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున కూరగాయల బండి వస్తే, ఆంటీ అమ్మను ముందుకు తోసి తను వెనక నిలబడింది. అమ్మ కొంగు సర్దుకుంది. టీవీ అడ్వర్టైజ్‌మెంటులో ఆవిడలాగే తల కాస్త పక్కకు వాల్చి, చిరునవ్వు నవ్వి అడిగింది. "భాయీ సాహబ్, క్యా ఆప్‌కే టమాటర్ మే వహీ తాజ్‌గీ హై, జో మేరే పరివార్ కో చాహియే?" మా కుటుంబానికి కావలసిన తాజాదనం మీ టమోటాల్లో ఉందా అని.

బండివాడు తక్కెడ కింద పెట్టేశాడు. గుండె మీద చెయ్యి వేసుకుని అన్నాడు. "బెహన్‌జీ, పూరా భరోసా రఖియే." పూర్తిగా నమ్మమని చెప్పి, పైగా గుప్పెడు కొత్తిమీర ఊరికే ఇచ్చాడు.

ఆంటీ గోడ పట్టుకుని నవ్వుతోంది. అమ్మ ఎక్కడ చిన్నబుచ్చుకుంటుందోనని నాకు భయం వేసింది. "ఏటక్కా, తప్పా?" అంది అమ్మ.

"తప్పేముండాది? టమోటాలను ఇంత మర్యాదగా ఎవురూ అడిగుండరు, అంతే."

అమ్మ కూడా పగలబడి నవ్వింది. ఢిల్లీ వచ్చాక తను అలా నవ్వగా చూడటం నాకదే మొదలు. ఆ తర్వాత గ్యాసువాడికీ, రేషన్ కొట్టువాడికీ, ఆసుపత్రిలో డాక్టరుకీ అదే హిందీ. అందరికీ అర్థమయ్యేది. అందరూ కాస్త నిటారుగా నిలబడి జవాబు చెప్పేవారు.

నాన్నకు సెలవు మంజూరైంది. ఇంటికొచ్చి, బూట్లు విప్పుకుంటూ, మొహం చూడకుండా అడిగాడు. "టిక్కెట్లు తీసీమంటావేటి?"

అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగింది. చేతిలో గరిటె అలాగే ఉంది. "జీ నహీఁ. ఖుషియాఁ తో తభీ హైఁ, జబ్ పూరా పరివార్ సాథ్ హో." కుటుంబమంతా కలిసి ఉంటేనే సంతోషాలట.

ఏళ్ళ తరబడి ఫౌజులో హిందీ మాట్లాడిన మనిషి విప్పిన బూటు చేత్తోనే పట్టుకుని తలెత్తాడు. తర్వాత నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మేము వెళ్ళలేదు. నాన్న సరిహద్దుకు వెళ్ళినప్పుడు కూడా అమ్మ నన్ను పెట్టుకుని ఢిల్లీలోనే ఉండి చదివించింది.

అంతకు ముందే సుబేదారు గారికి బదిలీ అయింది. వీడ్కోలుకు పనికొచ్చే అడ్వర్టైజ్‌మెంటు ఏదీ టీవీలో రాలేదు కాబోలు, అమ్మ ఆంటీ చేతులు పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత నేను ఆంటీని మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు మా ఆఫీసులో అంటుంటారు, నేను ఒక్కరోజు సెలవు అడిగినా ఏదో అమ్మకానికి పెట్టినట్టే ఉంటుందని. ఢిల్లీలో పెరిగి ఇదేం హిందీ అని నా కూతురు కూడా ఏడిపిస్తుంది. నా హిందీ అమ్మ నేర్పింది, అమ్మకు ఓబుళమ్మ ఆంటీ నేర్పింది. దాన్ని దిద్దుకోవాలని నాకు ఏనాడూ అనిపించలేదు.