పాడు పెట్టిన బడి

ఆ ఏడు తుపాను మా రేంజిలో సగం బడుల కప్పులు ఎగరేసుకుపోయింది. నేను అప్పుడే కొత్తగా వచ్చిన స్కూళ్ళ డిప్యూటీ ఇన్‌స్పెక్టరును, గోదావరి పక్కవాణ్ణి. ఏ బడి నిలబెట్టాలో, ఏది మూసేయాలో నువ్వే తేల్చమని నెల్లూరు నుంచి ఉత్తరం వచ్చింది. అంత పెద్దరికం అంత తొందరగా మీద పడుతుందనుకోలేదు. పెన్నులోకి ఎర్ర సిరా కూడా పోయించుకున్నాను.

తడ దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ పల్లెలో ఒక బడి ఉంది. దానికి ఒక్కడే అయ్యవారు. ఆయన నాకొక కార్డు రాశాడు: "తుపానుకు బడి కప్పు పోయినది. ఊరి పెద్దలును నేనును కలిసి బడిని పాడు పెట్టినాము. తమకు తెలియజేయుచున్నాను."

నాకు ఒళ్ళు మండింది. బడిని పాడు పెట్టడమే కాకుండా, పెద్దలతో కలిసి పెట్టాడట, పైగా నాకు తెలియజేస్తున్నాడట. బడి మూసేసి ఆయన్ని వేరే ఊరికి మారుస్తున్నట్టు ఉత్తర్వు రాసి సంచిలో పెట్టుకున్నాను. స్వయంగా చేతికిచ్చి, నాలుగు చీవాట్లు పెట్టి రావాలని నా ముచ్చట.

చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో పడి వెళ్ళేసరికి, వలలు దాచే కొట్టంలోంచి ఎక్కాలు వినబడుతున్నాయి. వంగి లోపలికి దూరాను. పన్నెండు మంది పిల్లలు మోకాళ్ళు తగిలేలా కూర్చున్నారు. చివరి పిల్ల నన్ను చూసి, పలక తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. అధికారికి మర్యాద ఇవ్వడం తెలిసిన ఊరే అనుకుని ఆ చోట్లో హాయిగా కూర్చున్నాను.

"బడి పాడైపోయిందని రాశారు?" అన్నాను గొంతు పెంచి.

"పాడైపోలేదు సార్, పాడు పెట్టినాం," అన్నారు అయ్యవారు, నా మీద జాలిపడుతూ. "ఈడ పన్నెండు మందికే చోటుండాది. పిల్లకాయలేమో అరవై మంది. పెద్దోళ్ళు చీట్లేసి వంతులు కట్టినారు, సరస్సులో వలలకు కట్టినట్టే. మా పక్క వంతును పాడంటారు సార్."

సరస్సులో చేప దొరికే చోట్లు తక్కువ, వలలు ఎక్కువ. ఏ రోజు ఎవరు ఎక్కడ వల వేయాలో చీటీ చెబుతుంది. ఆ చీటీ దాటి ఎవరూ వల వేయరట. నేను మూసేద్దామని వచ్చిన బడిని వాళ్ళు అన్నం పెట్టే సరస్సుతో సమానంగా చూసుకుంటున్నారు.

"మరి ఇందాక బయటికి వెళ్ళిన అమ్మాయి?"

"దాని పాడు ఈ రోజే సార్. మీరు కూర్చోవాల గదా. మళ్ళా అయిదు దినాలకు వస్తాదిలే."

నాకు తల కొట్టేసినట్టయింది. లేచి బయటికి వచ్చాను. ఆ పిల్ల తడిక పక్కన కూర్చుని, లోపలి ఎక్కాలకు పెదాలు కదుపుతోంది. "నీ పాడు నువ్వు తీసుకో తల్లీ," అన్నాను. అయ్యవారు తల ఊపితే గానీ ఆమె కదల్లేదు.

మిగతా తనిఖీ అంతా గుమ్మం బయట, ఎండలో నిలబడే చేశాను. తర్వాత సంచిలోంచి ఉత్తర్వు తీసి, ఎర్ర సిరాతో అడ్డంగా 'పొరపాటు' అని రాసి సంతకం పెట్టాను.

"ఆ కాగితం మాకా సార్?" అని అడిగారు అయ్యవారు.

"కాదండీ, నాకే," అన్నాను.