ఐదాకుల వావిలి

మా అమ్మాయికి రెండో కాన్పు జరిగి అప్పటికి తొమ్మిది రోజులు. ఉదయం ఏడున్నరకు పాల గ్లాసు తీసుకువెళ్ళి మంచం పక్కన పెట్టాను. బిడ్డ మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"నాన్నా, ఎల్లుండి స్నానానికి అమ్మ వేసే ఆకు దొరుకుతుందా?"

ఆమె నోట అంత పొడుగు తెలుగు వాక్యం విని చాలా కాలమయింది. మా ఇంట్లో కూడా ఆమె మాటల్లో సగం తమిళమే, పైగా మాట చివర ఇక్కడివాళ్ళు తగిలించే 'లా' ఒకటి. ఆ వాక్యాన్ని ముందుగా మనసులో కూర్చుకుని ఉంటుందని తోచింది.

"వావిలాకు," అన్నాను.

"అదే. దొరక్కపోతే పరవాయిల్లై లా. వట్టి వేడినీళ్ళు చాలు."

ఫరవాలేదని ఆమె ఎప్పుడు అంటుందో నాకు తెలుసు. నాలుగేళ్ళ కిందట, తల్లిని చివరిసారి చూడడానికి వార్డులోకి పంపడం కుదరదని ఆసుపత్రి వాళ్ళు చెప్పినప్పుడు కూడా ఆ మాటే అన్నది.

పురుడు తీరే పదకొండో రోజున బాలింతకు వావిలాకు కాచిన నీళ్ళు పోయడం మా వాళ్ళ ఆచారం. శ్రీకాకుళం వైపు నుంచి ఈ మలయ్ దేశపు రబ్బరు తోటల పనికి వచ్చినవారు వెంట తెచ్చుకున్న వాటిలో ఇంకా మిగిలినది అదొకటి. ఆరేళ్ళ కిందట మొదటి కాన్పుకు ఆ నీళ్ళు నా భార్య కాచింది. ఈసారి కాచవలసినవాణ్ణి నేను. అందుకు రెండు రోజుల్లో ఒక చెట్టును పోల్చుకోవాలి.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు తోట ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాను. రోజూ ఉదయం ఏడు గంటలకు వాన కొలిచే గొట్టంలోని నీటిని చూసి రిజిస్టరులో ఎక్కించడం నా పనుల్లో ఒకటి. రాత్రి ఎంత ఉరిమినా, గొట్టంలో నీరు లేకపోతే సున్నా అనే రాసేవాణ్ణి. పదవీ విరమణ తరువాత అదే పద్ధతిలో నా భార్యకు తెలిసిన మొక్కలనన్నిటినీ ఒక పుస్తకంలో రాశాను. ఆమె కూరలు తరుగుతూ చెప్పేది. గుప్పెడు అంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఒకసారి ఆమె గుప్పిట్లోని ఆకును వంటింటి త్రాసులో తూచాను. నలభై గ్రాములు వచ్చింది.

"నా సెయ్యి నాకాడే ఉంటాది గదండీ, తాసెందుకు?" అన్నది.

మొక్కలు మా ఇంటి వెనకవి కావు. సుంగై సిపుట్ ఊరు దాటిన తరువాత, మా ఇంటికి నాలుగు కిలోమీటర్లలో, వెనకటి తగరం గనుల ఇసుక పరచుకుని ఉంటుంది. గనుల వాళ్ళు మట్టిని కడిగి తగరం తీసుకుపోయారు. కడగగా మిగిలిన తెల్లని ఇసుక అక్కడే ఉండిపోయింది. వాన అన్ని చోట్లతో సమానంగానే కురుస్తుంది, కాని గంట గడిస్తే ఆ ఇసుకలో వేలు దింపినా తడి తగలదు. ఎడారి అన్న మాటకు నేను చూసిన నేల అదొక్కటే. నా భార్యకు మాత్రం అది మందుల కొట్టు, కూరగాయల సంత. నేల ఉసిరిని వేళ్ళతో సహా పీకి కామెర్లకు కషాయం పెట్టేది. లాలాంగ్ అనే దర్భలాంటి గడ్డి వేరును కడిగి, మరిగించి, ఒంట్లో వేడికి తాగించేది. ఇసుక అంచున తానే జీడిగింజ నాటి, చెట్టయ్యాక దాని లేత చిగుళ్ళను మలయ్ ఇరుగుపొరుగుల లాగా పచ్చడితో పచ్చివే తినడం నేర్చుకున్నది. అదే చెట్టు తమ ముత్తవ్వ ఊళ్ళో కూడా ఉన్నదని, అక్కడ ఆకు తినేవారని ఎవరూ చెప్పలేదని అనేది.

ఆమె వెళ్ళినప్పుడల్లా నేను రోడ్డు పక్కన కారులో కూర్చుని పేపరు చదివేవాణ్ణి. తిరిగి రావడానికి ఇరవై నిమిషాలకు తక్కువ పట్టేది కాదు, ముప్పై అయిదుకు మించేది కాదు. ఏ వైపుకు నడిచేదో నేను గమనించలేదు.

తొమ్మిదో రోజు పదింటికి అక్కడికి వెళ్ళాను. గంటన్నర వెతికాక, పాత నీటి గుంట పక్కన నడుమెత్తు పొద ఒకటి కనబడింది. ఊదారంగు పూలు. ఆకు అడుగున బూడిద పూసినట్లుంది. అంతవరకు పుస్తకంలో రాసినట్లే ఉంది. కాని నా పుస్తకంలో వావిలికి "ఐదాకులు" అని ఉంది. ఈ పొదలో ఒక్కొక్క కాడకు మూడేసి ఉన్నాయి. నలభై కాడలు చూశాను. నలభైకీ మూడే. కొన్ని చివరి కాడలకు ఒకటే ఉంది. ఐదు ఒక్కదానికీ లేదు. ఆకు నలిపి వాసన చూస్తే తేలిపోయేదే. కాని నాలుగేళ్ళ కిందట మా ఇద్దరికీ ఒకేసారి వచ్చిన జ్వరంలో ఆమె పోయింది, నా ముక్కుకు వాసన పోయింది. డాక్టరు ఆరు నెలల్లో తిరిగి రావచ్చునన్నాడు. రాలేదు. ఖాళీ చేతులతో ఇంటికి వచ్చాను.

సాయంత్రం తెలుక్ ఇంటాన్‌లో ఉన్న మా వదినకు, అంటే నా భార్య అక్కకు, ఫోన్ చేశాను. ఆమెది బొత్తాల ఫోను, ఫొటో పంపే వీలు లేదు.

"వదినా, వావిలి దొరకలేదు. మూడాకుల పొదొకటి ఉంది, అంతే."

"మూడో ముప్పయ్యో, వాసన సూసినావా?"

"నాకు వాసన తెలియదు కదా."

"ఔను. మరిసిపోనాను. ఆకెనకాల తెల్లగుందా?"

"బూడిద రంగు."

"అయితే అదే అయ్యుంటాది."

"పుస్తకంలో ఐదని ఉంది."

"పుస్తకం ఎవులు రాసినారు?"

"నేనే."

"సెప్పిందెవులు?"

"మీ చెల్లెలు."

"దానికి మాయమ్మ సెప్పింది. మాయమ్మకి వాళ్ళమ్మ. ఐదాకులన్నది ఆ ఊరి సెట్టు పేరు, మరిదీ. ఈ ఊర్లో సెట్టుకి ఎన్నున్నాయో ఎవులు లెక్కెట్టినారు? నువ్వొక్కడివే. స్కేలు గానీ అట్టుకెళ్ళినావేటి?"

స్కేలు చొక్కా జేబులోనే ఉంది.

అయ్యుంటుంది అన్న మాట మీద పచ్చి బాలింత ఒంటికి నీళ్ళు పోయలేను. పదో రోజు ఉదయం మళ్ళీ వెళ్ళి, ఒకే ఒక్క కొమ్మ కోసి, ప్లాస్టిక్ సంచిలో తెచ్చి అమ్మాయికి ఇచ్చాను. ఏమీ చెప్పలేదు. ముందుగా చెబితే ఔననాలని ఔనంటుంది.

ఆమె రెండాకులు నలిపి, సంచి మూతిని ముఖానికి పెట్టుకున్నది. చాలాసేపు తీయలేదు.

"ఇదే లా."

"నిశ్చయమేనా? మూడే ఉన్నాయి."

"ఏమిటి మూడు?"

"ఆకులు."

"నాన్నా, నాకు లెక్క తెలీదు. ఇసుక నుంచి వచ్చాక అమ్మ కొంగు ఇలాగే ఉండేది. కారంతా కూడా. నీకు గుర్తు లేదా?"

నాకు గుర్తు లేదు. ఆ కారు పంతొమ్మిది సంవత్సరాలు నేనే నడిపాను. అప్పట్లో నా ముక్కు సరిగానే పనిచేసేది. ఆమె ఎక్కి తలుపు వేసుకున్న సమయం చూసుకునేవాణ్ణి, పేపరు మడిచేవాణ్ణి, బండి తీసేవాణ్ణి. వాసన ఉండే ఉంటుంది.

"గుర్తు లేదు," అన్నాను.

"పరవాయిల్లై లా," అన్నది.

ఆ సాయంత్రం సరిపడా కోసుకు వచ్చాను. పదకొండో రోజు పది లీటర్ల నీళ్ళు పొయ్యి మీద పెట్టి, నలభై గ్రాముల ఆకు తూచి వేశాను. అమ్మాయి వంటింట్లోకి వచ్చి, గిన్నెలోకి చూసి, "ఇంకో గుప్పెడు వెయ్యి" అన్నది. నేను కదలకపోతే తనే తీసింది. గిన్నెలో పడే ముందు ఆ గుప్పెడును త్రాసులో పెట్టించుకున్నాను. ముప్పై నాలుగు.

నీళ్ళు మరుగుతుండగా పుస్తకం తెరిచాను. వావిలి అన్న చోట ఐదును కొట్టివేయలేదు. అది ఆమె చెప్పినది. పక్కన "ఇక్కడ మూడు" అని రాసి, తేదీ వేశాను.

స్నానాల గదిలో నీళ్ళు తొలిపి, తలుపు బయట కుర్చీ వేసుకుని, బిడ్డను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. గడియారం చూడలేదని రాస్తే బాగుండేది. చూశాను. ఇరవై ఆరు నిమిషాలు. మధ్యలో కొంతసేపు నీళ్ళ చప్పుడు లేదు.

తలుపు తీయగానే ఆవిరి నా ముఖానికి తగిలింది. వెచ్చగా ఉంది. అంతవరకే రాయగలను.