కొర్రమట్ట కొట్టిన కొయ్యచేప

వరంగల్ స్టేషన్ రోడ్డులో రాంచందర్‌ది స్టీలు సామాన్ల దుకాణం. చేపముక్క నోట పెట్టని ఇల్లు వాళ్లది. శనివారమైతే ఉల్లిగడ్డ కూడా పొయ్యెక్కదు. అలాంటి మనిషి బీరువా నిండా చేపలే! అన్నీ కొయ్యవి. గాలానికి ఎరగా కట్టి నీళ్లలోకి విసరడానికి ఏనాడో పరదేశంలో చేసినవి. వేలెడంత కట్టె, దాని మీద ఒక్కో పొలుసూ విడిగా దిద్దిన రంగు, గాజు కళ్లు. కాజీపేటలో ఓ పాత బంగళా సామాను తుక్కుకు పోతుంటే మొదటిది ఆయన చేతికి చిక్కింది. "ఇంత సోకు చేపను మోసం చేసేటందుకా!" అని ఆనాడు తెరిచిన నోరు మళ్లీ మూయలేదు. చేప ఒక్కటే దొరికితే చాలదు, దానితో వచ్చిన అట్టపెట్టె కూడా కావాలి ఆయనకు. చుట్టాలొస్తే భార్య ప్రేమలత సిగ్గుపడి బీరువాకు తాళం వేసేది.

ఒక పెట్టె మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. మూత మీద పచ్చ వీపు, ఎర్ర గొంతు చేప బొమ్మ. ఎవరైనా గుర్తుపడతారేమోనని దాన్ని గల్లా పక్కనే పెట్టుకునేవాడు. మొన్న వానాకాలంలో వర్ధన్నపేట నుంచి బిందె కొనడానికొచ్చిన సోమక్క ఆ బొమ్మను చూసి, "గీ చేప మా ఇంట్లున్నది గద సేటూ" అంది.

మర్నాడు దుకాణం తెరవలేదు. పెట్టెను సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు.

సోమక్క పెనిమిటి రాజమల్లు చెరువులో చేపలు పడతాడు. వాళ్ల తాత ఎవరో దొరకు తోడుగా చేపల వేటకు పోతే ఆ దొర ఇచ్చాడట. రాజమల్లు దూలానికి వేలాడుతున్న దాన్ని దించి చేతికిచ్చాడు. గాలపు ముళ్లు ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయాయి. ఒళ్లంతా పళ్ల గాట్లు. ఎర్ర గొంతు మాత్రం అలాగే ఉంది. రాంచందర్ పెట్టెలో పెడితే ఇమిడిపోయి కూర్చుంది.

"నీళ్లల్ల ఎన్నడన్న సూసినవా సేటూ?" అన్నాడు రాజమల్లు.

రాంచందర్ తల అడ్డంగా ఊపాడు. రంగు పోతుందని తడిగుడ్డ కూడా తాకనిచ్చేవాడు కాదు మరి.

ముగ్గురూ చెరువుకు పోయారు. రాజమల్లు దారం కట్టి విసిరి, మెల్లగా గుంజాడు. పుల్లలా తేలుతున్నది ఒక్కసారిగా తల వంచి మునిగింది. ఒళ్లు విరుచుకుంటూ, పక్కకు వాలుతూ, మళ్లీ సర్దుకుంటూ ఈదుకొస్తోంది.

"అన్నా, దీనికి పానమున్నదే!" అన్నాడు రాంచందర్.

అంతలో నాచు కింద నుంచి నల్లటి కొర్రమట్ట చేప లేచింది. నీళ్లు భళ్లుమన్నాయి. దారం బిగుసుకుని, వెంటనే వదులైంది. ముల్లు లేదు కదా, చేప తన దారిన పోయింది.

అరచేతిలోని కొయ్యచేప మీద పాత గాట్ల పక్కన పచ్చి గాటు. లోపలి కట్టె తెల్లగా కనబడుతోంది. సముద్రాల అవతల ఎవరో, ఏ నీళ్లను తలుచుకుంటూ మలిచారో! ఇవాళ ఈ చెరువులో చేప దాన్ని నిజమని నమ్మింది. రాంచందర్ గట్టు మీద కూర్చుని ఆ గాటును వేలితో తడిమి చూశాడు.

"తీస్కపో సేటూ, నీకైతే పదిలంగ ఉంటది."

"వద్దన్నా. నీ దగ్గర ఈదుతాంది" అని, పెట్టెను కూడా సోమక్క చేతిలో పెట్టాడు.

తర్వాతి ఆదివారం ముళ్లు తీసిన కొయ్యచేపలు సంచినిండా వేసుకుని, ప్రేమలతను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్ల అంచున నిలబడింది. రాజమల్లు విసిరిన మొదటి చేప ఈదుకుంటూ ఆమె కాళ్ల దాకా వచ్చింది. ఆమె వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఇంకొకటి ఎయ్యి రాజమల్లన్నా" అంది.