అంబాసిడర్‌కు అరంగుళం పైపు

పైపు ఎంత లావుండాలో లెక్కకట్టి చెప్పినందుకే గవర్నమెంటు నాకు జీతమిస్తోంది. మొన్న శనివారం పంజాగుట్ట చౌరస్తాలో నా పరువు తీసింది కూడా ఒక పైపే. టీ పోసుకోండి, చెబుతాను.

మా నాన్నగారి అంబాసిడర్ ఇంజను అరిగిపోయి, నాలుగేళ్లుగా అమీర్‌పేటలో మా ఇంటి ముందు కవరు కప్పుకుని పడి ఉంది. కాలేజీ రోజుల్లో నేనూ, నా స్నేహితురాలు వసుంధరా అందులోనే తిరిగేవాళ్లం. ఆఖరి పరీక్ష రాసి ట్యాంక్‌బండ్ దాకా వెళ్లాం. ఆ తర్వాత తను బ్యాంకు ఉద్యోగమని నాగపూర్ వెళ్లిపోయింది. ఇరవై మూడేళ్లు. ప్రతి ఉత్తరం చివరా ఒకటే ప్రశ్న: "కారుందా, అమ్మేశావా?"

పోయిన నెల ఫోన్ చేసింది. ఆఫీసు పని మీద వస్తోందట. శనివారం మూడింటికి ఖాళీ, ఆరున్నరకి రైలు.

"అయితే కార్లో ట్యాంక్‌బండ్ వెళ్దాం," అనేశాను.

ఎస్.ఆర్. నగర్‌లో షెడ్డున్న మెకానిక్ యూసుఫ్ భాయ్ పాత ఇంజను దించి, వేరే కారుది కాస్త పెద్ద ఇంజను ఎక్కించాడు. ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు పైపు తుప్పు పట్టింది. అదీ మార్చాలి.

"ఎనిమిది మిల్లీమీటర్లది ఏస్త మేడం. సాలు."

చాలడమేంటి? ఊళ్లకి మంచినీళ్ల పైపు వేసేటప్పుడు ముప్పై ఏళ్ల తర్వాత జనాభా ఎంతుంటుందో చూసి సైజు పెట్టేదాన్ని నేను. "అరంగుళందే వెయ్యండి భాయ్. ముందు ముందు అవసరం పడుతుంది."

"ముంగట మీ కారుకు పిల్లలు పుడ్తరా మేడం?"

కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆయన దాన్ని వెనక్కి తిప్పి కూడా చూసి, అరంగుళం పైపే వేశాడు.

శనివారం వసు వచ్చింది. చెప్పులు విడిచి, అప్పట్లాగే సీటు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. అయిదు నిమిషాలు తిప్పితే గానీ ఇంజను అందుకోలేదు. మే నెల ఎండ. జావా క్లాసులు వదిలినట్టున్నారు, అమీర్‌పేట రోడ్డంతా ఫైళ్లు పట్టుకున్న జనమే. నత్తనడకన పంజాగుట్ట చేరాం. సిగ్నల్ పచ్చబడింది. కారు మూడుసార్లు దగ్గి ఆగిపోయింది.

వెనకున్న ఆటోడ్రైవర్ దిగొచ్చాడు. "పెట్రోలున్నదా మేడం?"

"ట్యాంకు నిండా ఉంది."

"మరేంది?"

మళ్లీ తాళం తిప్పి చూశాను. వసు కొంగు దోపుకుని దిగింది. అతనూ తనూ కలిసి కారును పక్కకి తోశారు.

"ఏమే," అంది ఆయాసపడుతూ, "నువ్వు వేయించిన పైపుల్లో ఆ ఊళ్లకి నీళ్లయినా వస్తాయా?"

ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే యూసుఫ్ భాయ్ స్కూటర్ మీద వచ్చి బానెట్ ఎత్తాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"పంపు చిన్నది మేడం, గుటక గుటక గుంజుతది. గంత లావు పైపుల పెట్రోలు మెల్లగ నడుస్తది, వేడికి ఆవిరైతది. ఇగ పంపు ఏం మింగుతది, గాలే."

నీళ్లతో నాకెప్పుడూ ఆ గొడవ రాలేదు.

చల్లారేదాకా ఆగాలన్నాడు. అయిదయింది. వసు మళ్లీ కార్లో కూర్చుంది. కదలని కారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, గాలి తగులుతున్నట్టు కళ్లు మూసుకుంది. పావుగంట అలాగే ఉన్నాం. తర్వాత ఆటో ఎక్కి స్టేషన్‌కి వెళ్లిపోయింది. ఇకమీదట పోస్టింగు గౌహతిలోనట. అది ఆటో ఎక్కుతూ చెప్పింది.

మర్నాడు యూసుఫ్ భాయ్ ఎనిమిది మిల్లీమీటర్ల పైపు వేశాడు. అరగంట పని. నిన్న సాయంత్రం ఒక్కదాన్నే ట్యాంక్‌బండ్ దాకా వెళ్లొచ్చాను. ఎక్కడా ఆగలేదు, దగ్గలేదు. పక్క సీటొక్కటే రెండు సైజులు ఎక్కువైనట్టనిపించింది. దానికేం చెయ్యాలో యూసుఫ్ భాయ్‌ని అడగలేదు. నా కొలతలంటే ఆయనకిప్పుడు ఎలాగూ నమ్మకం లేదు.