బులే నాటిన ఎర్రాకు

పెంటెకోస్ట్ దీవి నుంచి వచ్చిన బులే మా సాంతో దీవి ఆడపడుచు ఆనెట్‌ను పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె అన్న మొలివోనోను అడిగి, ఎవరికీ పట్టని బీడులో తెల్లకలప మొక్కలు వేశాడు. మా ఊళ్ళో అల్లుడు చేమ నాటితే ఎవరూ తల తిప్పరు. చెట్టు నాటితే అందరూ చూస్తారు. చెట్టు వెనకే నేల కూడా అడుగుతాడని భయం.

అడవి తీగలు మొక్కల్ని కప్పేస్తుంటే, వాటిని నరికేటప్పుడు మొక్కలకు కత్తివేటు తగలకూడదని ప్రతి వరుస కొసనా ఒక ఎర్రాకు మొక్క గుచ్చాడు. మా దగ్గర ఎర్రాకు నాటేది నేలకు హద్దుగా. ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అతనికి తెలియకుండా ఉంటుందా అనుకున్నాం.

చెట్లు ఎదిగాక బులే చిన్న రంపపు మిల్లు పెట్టాడు. దుంగల్ని ఓడెక్కించి, పలకల్ని పైదేశాల నుంచి కొనుక్కోవడమేమిటని అతని బాధ. బడి బల్లలకు పలకలిస్తానని హెడ్మాస్టరుకు మాటిచ్చాడు. తెల్లగా ఉంటేనే తీసుకుంటానని, లేకపోతే ఎప్పటిలా దిగుమతి పలకలే కొంటానని ఆయన ముందే చెప్పాడు. రంపం దగ్గర రెండో మనిషిని నేను.

మొదటి చెట్లు పడగొట్టిన మర్నాడు వెళ్ళేసరికి దుంగల మీద మొలివోనో నమెలె ఆకు కట్టి ఉంచాడు. కట్టినవాడే విప్పాలి, అందాకా ఎవరూ ముట్టుకోరు. తెల్లకలపను వెంటనే కోసి మందులో ముంచకపోతే నీలం పట్టేస్తుంది.

ఆనెట్ అన్న దగ్గరికి వెళ్ళింది. అతను వానల సంగతి మాట్లాడి పంపేశాడట. సాయంత్రం కావా వేరు రసం తాగే చోట బులే అతని పక్కన కూర్చున్నాడు.

“ఎందుకు కట్టావు బావా?”

“హద్దు నాటింది నువ్వు, ఆకు కట్టింది నేను. చెల్లు.”

“హద్దేమిటి? తీగలు కొట్టేటప్పుడు గుర్తుకని పెట్టాను.”

మొలివోనో చిప్ప ఖాళీ చేసి, ఉమ్మి, నెమ్మదిగా అన్నాడు. “చెట్లు నీడ పట్టాక తీగలెక్కడివి బావా? మరి అవెందుకు పీకలేదు?”

నేను కూడా బులే మొహం వైపే చూస్తున్నాను.

తెల్లవారాక బులే ఊరందరి ముందూ ఎర్రాకు మొక్కలన్నీ పెకలించి రంపపుపొట్టు కుప్ప వెనక పడేశాడు. మొలివోనో ప్రతి గుంటా వంగి చూశాడు. జరిమానాగా ఒక పందిని ఇప్పించుకుని ఆకు విప్పాడు. రంపం పెట్టేసరికి దుంగల కొసలు నీలంగా ఉన్నాయి, నడుమ తెలుపు మిగిలింది. బడికి కొన్ని బల్లలకే సరిపోయింది. తక్కినవాటికి హెడ్మాస్టరు దిగుమతి పలకలే తెప్పించాడు. నీలం పలకలు మొలివోనో తన వంటిల్లు కట్టుకోవడానికి పట్టుకెళ్ళాడు. వాటి కోసమే ఆకు కట్టాడేమోనని బులే నాతో అన్నాడు.

వానలు పడ్డాక పొట్టు కుప్ప వెనక ఎర్రటి చిగుళ్ళు లేచాయి. ముందు చూసింది మొలివోనోయే.

“పారేశానన్నావే.”

“పారేశాను బావా. అవే బతికాయి.”

మొలివోనో అవి వరుసలో ఉన్నాయేమోనని ఒక కన్ను మూసి చూశాడు. అతను వెళ్ళాక నేనూ చూశాను.