వంజరం పులుసు, గలీసియా వైను

నా ఉద్యోగమంతా నీళ్ళ పరీక్షల్లో గడిచింది. మెల్‌బోర్న్‌లో ఒక ప్రయోగశాలలో తాగునీటి రుచి, వాసన, రంగు చూసి రాసిపెట్టడం నా పని. రిటైరయ్యాక, ట్రుగనీనాలో మా ఇంటికి దగ్గరున్న కమ్యూనిటీ సెంటర్‌లో వైన్ రుచి చూసే బృందం ఒకటి ఉందని తెలిసి చేరాను. నెలకొక ఆదివారం మధ్యాహ్నం కలుస్తారు. తాగేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు కనక ప్రతి గ్లాసు గురించీ నాలుగు ముక్కలు రాసుకునేవాణ్ణి.

ఆ యేడు స్పెయిన్ తెల్ల వైన్ల వంతు వచ్చింది. స్పెయిన్ అంటే ఎండ, ఎర్ర వైన్ అనుకునేవాణ్ణి. తీరా చూస్తే వాయవ్య మూల గలీసియాలో మన కోనసీమలా ఎప్పుడూ తడే. నేల తడి తగలకుండా అక్కడి రైతులు రాతి స్తంభాలు పాతి, దొండ పాదుకు వేసినట్టు ద్రాక్షకు పందిళ్ళు వేస్తారు. ఆ పందిళ్ళ కింద కాసేది అల్బరీనో. దాంట్లో సముద్రపు గాలి ఉప్పదనం నాలుక చివర తగులుతుంది. దేశం లోపలి పీఠభూమి మీద రుయేదా అనే ప్రాంతం ఉంది. పగలు మాడుతుంది, రాత్రి వణికిస్తుంది. అక్కడి వెర్దేహో ద్రాక్షకు సోంపు వాసన, చివర్న చిరుచేదు. ఉత్తరాన రియోహా అనే ప్రాంతంలో తెల్ల వైన్‌ను కూడా ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి మగ్గబెడతారు.

అల్బరీనో మొదటిసారి నోట్లో పడగానే "సోర్! వెరీ సోర్!" అన్నాను సంతోషం పట్టలేక.

బృందాన్ని నడిపే ఆవిడ రిటైరైన హైస్కూలు టీచరు. కంగారుగా సీసా లాక్కుని వాసన చూసింది. "పాడైపోయిందా?"

అప్పుడు అర్థమైంది. మనకు పుల్లగా ఉండడం వేరు, పులిసిపోవడం వేరు. మొదటిది మెచ్చుకోలు, రెండోది ఫిర్యాదు. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట, అదీ తిట్టే. "క్రిస్ప్ అనాలి" అని ఆవిడ దిద్దింది.

"క్రిస్ప్ అప్పడం కదండీ" అన్నాను. అందరూ నవ్వారు.

ప్రతిసారీ వైన్ పక్కన చీజ్, ఆలివ్ కాయలు, రొట్టె ఉండేవి. ఆ పులుపు నాలుక మీద ఉండగా నాకు మాత్రం మా ఆవిడ పెట్టే నెల్లూరు చేపల పులుసు గుర్తొచ్చేది. ఒకసారి ఈ వైన్లను మన భోజనంతో పెడదామన్నాను. టీచరమ్మ మొహమాటపడకుండా చెప్పేసింది: "కర్రీకి బీరే సరి, మేట్. కారం వైన్‌ను చంపేస్తుంది. చేస్తే కొబ్బరిపాలు పోసి మైల్డ్‌గా చేయించు."

నాకు రోషం వచ్చింది. "ఉన్నది ఉన్నట్టే చేయిస్తాను. మీ వైన్ దాని ముందు నిలబడకపోతే ఇక మా వంట ఊసు ఈ గదిలో ఎత్తను" అని అందరి ముందూ మాట ఇచ్చేశాను.

బృందంలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఐటీ అమ్మాయి ఒకతె ఉండేది. బయటికి రాగానే పట్టుకుంది. "అంకుల్, మన పులుసు వీళ్ళకా? టూ రిస్కీ. బటర్ చికెన్ ఆర్డర్ చేసేయుండ్రి, సేఫ్‌గ అయిపోతది."

"బటర్ చికెన్ ఎప్పుడైనా మన ఇళ్ళల్లో చూశావా అమ్మా?"

"అందుకే గదా సేఫ్ అంటున్న!"

ఇంట్లో అసలు పరీక్ష. మా ఆవిడ వైన్ ముట్టదు. విషయం విని, నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది: "కొబ్బరిపాలా? పులుసులోనా? అట్టా అడిగినామెను నాకు చూపించండి ఒకసారి."

"నేను ఒప్పుకోలేదులే. మన పద్ధతిలోనే చెయ్యి."

"చింతపండు తగ్గించను. కారం తగ్గించను. వాళ్ళు మొహాలు చిట్లించినారనుకోండి, గిన్నె ఎత్తుకోని ఇంటికొచ్చేస్తా. మళ్ళీ ఆ గడప తొక్కను."

ఇప్పుడు నా మాట ఒక్కటే కాదు, ఆవిడ పులుసు పరువు కూడా పందెంలో పడింది.

చేప కోసం ఫుట్‌స్క్రే మార్కెట్‌కు వెళ్ళాం. వంజరాన్ని ఇక్కడ స్పానిష్ మాకెరెల్ అంటారు. బోర్డు చదివి మా ఆవిడ అడిగింది. "ఇదీ స్పెయిన్ దేనా?" అమ్మేవాడు ఇక్కడి క్వీన్స్‌లాండ్ నుంచే వచ్చిందన్నాడు. "పేరన్నా కలిసింది" అని మధ్య ముక్కలు ఏరుకుంది. ముందురోజే పులుసు పెట్టి, పచ్చి మామిడి ముక్కలేసి, ముక్కకు పులుపు పట్టేదాకా కదపకుండా ఉంచింది.

ఆదివారం మధ్యాహ్నం సెంటర్‌లో అందరి కంచాల్లో అన్నం, పులుసు వడ్డించాం. పులుపు తక్కువదాని నుంచి ఎక్కువదానికి వైన్లను వరస పెట్టాను. ప్రయోగశాలలో నమూనాలను ఎప్పుడూ అలాగే చూసేవాళ్ళం. మొదటిది రియోహా, టీచరమ్మకు ప్రాణం. పులుసు ముద్ద తిని గ్లాసెత్తింది. మొహం మాడ్చింది. పులుసు ముందు ఆ వైన్ చప్పబడిపోయి, నానబెట్టిన చెక్కలా మిగిలింది.

"చెప్పానా!" అంది.

రెండోది వెర్దేహో. దాని చిరుచేదుకు పులుసులోని మెంతుల చేదు తోడై గొంతులో నిలిచిపోయింది. ఒకాయన మంచినీళ్ళ కోసం లేచాడు. హైదరాబాద్ అమ్మాయి నా వైపు 'నే చెప్పలే?' అన్నట్టు చూసింది.

వంటగది గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ ఆ మొహాలే చూస్తోంది. నన్ను పిలిచి మెల్లగా అడిగింది. "ఏంది? పులుసు బాగలేదా? గిన్నె తీసుకోనా?"

"పులుసుది కాదు తప్పు. వాటిలో పులుపు చాల్లేదు. ఇంకొక్క సీసా ఆగు."

అల్బరీనో పోశాను. టీచరమ్మ ముద్ద తింది, తాగింది. ఇంకో ముద్ద తింది. మళ్ళీ తాగింది. చింతపండు పులుపును ద్రాక్ష పులుపు ఎదురెళ్ళి పలకరించింది. ఆ వెనక ఉప్పదనం చేప రుచిని పైకి లేపింది. కారం పోలేదు, కానీ కరవడం మానింది. మంచినీళ్ళకు లేచిన ఆయన తిరిగొచ్చి చెంచా అందుకున్నాడు.

చివరికి టీచరమ్మ తలెత్తింది. "ఇది పుల్లగా ఉంది" అంది. "సోర్" అనే అంది! "ఇంకొంచెం పెట్టగలరా?"

వైన్ కోసం అడిగిందనుకున్నాను. కంచం చాపింది.

ఆఖరిది చకొలీ. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ తీరంలో, సముద్రం మీదికి వంగిన కొండవాలుల్లో పండేది. సన్నటి నురగ, తక్కువ మత్తు, పుల్లదనంలో అన్నిటికీ అక్క. దాన్ని ఎత్తు నుంచి గ్లాసులోకి పోయాలి, అప్పుడే నురగ లేస్తుంది. టీచరమ్మ పోస్తే సగం బల్ల మీద పడింది. ఇంకొకాయన ఏకంగా తన చొక్కా మీద పోసుకున్నాడు.

"వృథా చేస్తా ఉండారే! ఇట్టా ఇవ్వండి" అంటూ మా ఆవిడ వచ్చి సీసా అందుకుంది. జన్మలో ఆ మందు రుచి తెలియని మనిషి, వేడి కాఫీ తిరగబోసినట్టు చేయి భుజం పైకెత్తి, గ్లాసు నడుం దగ్గర పట్టి, సన్నటి ధార వదిలింది. చుక్క కింద పడలేదు. గ్లాసు నిండా నురగ. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకరి తర్వాత ఒకరు గ్లాసులు పట్టుకుని ఆవిడ ముందు వరస కట్టారు.

"ఏ ఊళ్ళో నేర్చుకున్నారు? ఆ బాస్క్ తీరం మీది సాన్ సెబాస్టియన్‌లోనా?" అని టీచరమ్మ అడిగింది.

"నెల్లూర్" అంది మా ఆవిడ, అదేదో స్పెయిన్‌లో ఒక జిల్లా అయినట్టు.

స్పెయిన్ సీజన్ చివరి విందు ఎవరింట్లో అన్నది ఆ రోజే తేలాలి. ఓటింగ్ అక్కర్లేకపోయింది. టీచరమ్మ తెల్లబోర్డు మీద మా ఇల్లు అని రాసి, కింద 'ఫిష్ కర్రీ' అని రాయబోయింది. "కర్రీ కాదు, పులుసు" అన్నాను. అక్షరం అక్షరం అడిగి రాసుకుంది. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, కారం ఇంతే ఉంటుందా అని అడిగింది.

నేను తెలుగులో చెప్పాను. మా ఆవిడ ఖాళీ గిన్నె చంకన పెట్టుకుంటూ, "ఇదేం కారం? మొదటిసారి తింటా ఉండారని మర్యాదకు చేశా" అంది. "ఆరోజు చూసుకోమనండి."

హైదరాబాద్ అమ్మాయి నవ్వుతూ దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. టీచరమ్మ వెంటనే విందుకు తేవాల్సిన చకొలీ సీసాల లెక్క పెంచుకుంది.