పక్కసీటావిడ చదివిన మెసేజ్

ఈ రోజు నరసన్నపేటలో శ్రీకాకుళం బస్సెక్కాను. పక్కసీట్లో ముక్కూ మొహం తెలియని పెద్దావిడ.

మా గృహప్రవేశానికి ఆడపడుచును వాట్సాప్‌లో పిలిచాను. "బొట్టు పెట్టి పిలవని ఇంటికి నేను రాను" అని జవాబొచ్చింది. నాకు ఒళ్ళు మండింది. "వస్తే రండి, లేకపోతే మీ ఇష్టం" అని టైప్ చేస్తుంటే భుజం మీద ఊపిరి తగిలింది. పక్కసీటావిడ చదువుతున్నారు. ఫోన్ కిటికీ వైపు తిప్పాను. ఆవిడా అటే ఒరిగారు. స్క్రీన్ వెలుతురు తగ్గించాను. సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు.

"ఇది నా ఫోనండీ" అన్నాను, వీలైనంత కటువుగా.

"నీదేలే అమ్మా, నానేటి లాక్కుంతానా? ఆడపడుసుకి ఫోన్లో బొట్టెడతారేటి? ఆ ముక్క సెరిపేసి, రేపొచ్చి పిలుస్తానని రాయి."

ముందు సీటావిడ కూడా వెనక్కి తిరిగి "నిజమే కదా" అంది.

పక్కసీటావిడని నాలుగు మాటలు అనాల్సింది. బదులుగా నా మెసేజ్ చెరిపేసి, ఆవిడ చెప్పిందే రాశాను. ఇలా తొంగిచూసేవాళ్ళని మీరెలా ఆపుతారో చెప్పండి, నేర్చుకుంటాను. నేనైతే పంపే ముందు ఆవిడ మొహంలోకి చూశాను. తలూపాకే నొక్కాను.